నానో యంత్రాల నడుమ వార్తల రవాణా: పొదుపు లెక్కలో చేరని పద్దులు

మీటరును వంద కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగానికి నానోమీటరు అని పేరు. కొన్ని నానోమీటర్లు మొదలు కొద్ది మైక్రోమీటర్ల వరకు పరిమాణంగల భాగాలతో ఒక యంత్రాన్ని కూర్చి, దానికి ఉష్ణోగ్రతనో, ఒక రసాయనాన్నో పసిగట్టే నేర్పును, పసిగట్టిన సంగతిని పొరుగు యంత్రానికి తీగ లేకుండా తెలిపే నేర్పును కలిగించగలిగితే, అట్టి యంత్రాలు వేలకొద్దీ చేరి ఒక జాలంగా పనిచేయగలవన్న ఊహ ఈ శతాబ్దపు మొదటి దశకంలో రూపుదిద్దుకొన్నది. పదార్థపు అడుగంతస్తులో మనకు పట్టినంత చోటున్నదని రిచర్డ్ ఫైన్‌మన్ 1959 డిసెంబరులో చేసిన ఉపన్యాసం ఇట్టి ఊహలన్నింటికి మూలమని చెపుతారు. అయితే ఆ చిన్న యంత్రాలు తమలో తాము మాట్లాడుకొనే మార్గాన్ని ఒక శాస్త్రవిషయంగా నిలబెట్టినవారిలో ముఖ్యులు అట్లాంటాలోని జార్జియా సాంకేతిక విద్యాసంస్థకు చెందిన ఇయాన్ అక్యిల్డిజ్, ఆయన సహచరులు. వీరి మొదటి సమగ్ర వ్యాసం 2008లోను, విద్యుదయస్కాంత తరంగాలతో పనిచేసే నానో సెన్సారు జాలాలను గురించి జోసెప్ జోర్నెట్‌తో కలిసి వ్రాసినది 2010లోను వెలువడినవి.

జాలంలోని ఒక్కొక్క యంత్రాన్ని నోడు అంటారు. ఒక నోడునుంచి వార్త బయలుదేరి గమ్యం చేరటానికి ఏ నోడు మీదుగా పోవలెనో నిర్ణయించటమే రూటింగు. దారులు ఎన్నో ఉండవచ్చును. వాటిలో అతి తక్కువ శక్తి ఖర్చయ్యే దారి ఏది? ఈ ఒక్క ప్రశ్న మీద గత పదిహేనేండ్లలో ఎన్నో వ్యాసాలు వచ్చినవి. ఇంజనీరింగు కళాశాలలలో పైతరగతుల విద్యార్థులు తమ పరిశోధనా వ్యాసాలకు ఎన్నుకొంటున్న విషయాలలో ఇదీ ఒకటి. ప్రతి వ్యాసమూ తన పద్ధతి ముందటివాటికంటె పొదుపైనదని గీతలు గీచి చూపుతుంది. ఆ పొదుపును ఏ పుస్తకంలో లెక్క వేశారు? ఆ పుస్తకంలో చేరని పద్దులేమైనా ఉన్నవా? దీనిని పరిశీలించటమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఎంత చిన్న సంచి

ముందుగా నోడు చేతిలో ఉండే మూలధనం ఎంతో తెలుసుకొనవలె. ఇంత చిన్న యంత్రంలో మనకు తెలిసిన బ్యాటరీ పట్టదు. పట్టినా, అయిపోయినప్పుడు మార్చటం అసాధ్యం. అందుచేత చుట్టూ ఉన్న కదలికలనుంచే శక్తిని ఏరుకొనవలె. జింకు ఆక్సైడు నానోతీగలను వంచితే వాటిలో విద్యుత్తు పుడుతుందని జోంగ్ లిన్ వాంగ్, ఆయన సహచరుడు 2006లో చూపారు. ఆ తీగలు వంగి లేచినప్పుడెల్లా పుట్టే విద్యుత్తును ఒక చిన్న కెపాసిటరులో నింపుకోవచ్చును. జోర్నెట్, అక్యిల్డిజ్‌లు 2012లో ప్రకటించిన వ్యాసంలో ఈ కెపాసిటరును 9 నానోఫారడులుగా, దాని వోల్టేజిని 0.42గా తీసుకొని లెక్క వేశారు. అందులో పట్టే శక్తి సుమారు 800 పికోజౌలులు. పికో అంటే లక్ష కోట్లవ వంతు.

ఇది ఎంతటిదో ఒక ఉదాహరణతో చూడవచ్చును. ఆవగింజ బరువు 2 మిల్లీగ్రాములనుకొంటే, 800 పికోజౌలుల శక్తి ఆ గింజను మిల్లీమీటరులో నూరింట నాలుగు వంతులు మాత్రమే పైకెత్తగలదు. అంటే తల వెంట్రుక మందమైనా కాదు. ఇదే నోడుకు ఉన్న సర్వస్వం. ఈ సంచి నిండటానికి నానోతీగలు సుమారు 2,500 సార్లు వంగి లేవవలె. సెకనుకు 50 సార్లు అదిరే యంత్రం పక్కన ఉంటే 50 సెకన్లు చాలును. సెకనుకు ఒకసారి కొట్టుకొనే గుండె పక్కన ఉంటే సుమారు 42 నిమిషాలు కావలె.

ఇక ఖర్చు. ఈ నోడులు మన రేడియోలవలె ఎడతెగని తరంగాన్ని పంపలేవు. ఒకటి అనే అంకెను తెలపటానికి ఒక పల్సును పంపుతవి. సున్నాను తెలపటానికి మౌనంగా ఉంటవి. ఒక్కొక్క పల్సు నిడివి 100 ఫెమ్టోసెకన్లు, అంటే పికోసెకనులో పదవ వంతు. అంత కాలంలో కాంతి సయితం మిల్లీమీటరులో నూరింట మూడు వంతుల దూరమే పోతుంది. లెక్కలకోసం పల్సు పంపటానికి 1 పికోజౌలు, ఒక బిట్టును అందుకోవటానికి అందులో పదవ వంతు ఖర్చవుతుందని తీసుకొంటారు. 200 బిట్ల ప్యాకెట్టులో సగం ఒకట్లు అనుకొంటే పంపటానికి 100, అందుకోవటానికి 20 పికోజౌలులు కావలె. నిండు సంచితో 8 ప్యాకెట్లు పంపవచ్చును. తరువాత మళ్ళీ నిరీక్షణే.

పెద్దల ఇంటినుంచి వచ్చిన అలవాట్లు

నానో జాలాల రూటింగు శూన్యంలోనుంచి పుట్టలేదు. అంతకుముందే అరచేతిలో పట్టే సెన్సారుల జాలాలు వచ్చినవి. వాటికోసం అమెరికాలోని ఎం.ఐ.టి.లో హైన్‌జల్మన్, చంద్రకాసన్, బాలకృష్ణన్‌లు 2000లో ప్రకటించిన ‘లీచ్’ అనే పద్ధతి ఎంతో ప్రసిద్ధి పొందినది. నోడులను గుంపులుగా చేసి, ప్రతి గుంపుకు ఒక పెద్దను ఏర్పరచి, ఆ పెద్దరికాన్ని వంతులవారీగా అందరికీ తిప్పటం దీనిలోని కీలకం. పెద్దరికం అంటే అధిక శ్రమ. ఆ శ్రమ ఒకరి మీదనే పడితే ఆ నోడు ముందుగా చచ్చిపోతుంది. వంతులు వేస్తే జాలం ఎక్కువ కాలం బ్రతుకుతుంది. సులభమైన, న్యాయమైన ఆలోచన.

అయితే ఆ పద్ధతి పుట్టిన లోకమే వేరు. అక్కడ ప్రతి నోడూ అర జౌలు వంటి బ్యాటరీతో బయలుదేరుతుంది. అది మన నానో సంచికి 62 కోట్ల రెట్లకు పైమాట. అక్కడ ఒక బిట్టును పంపే సర్క్యూట్లకు మాత్రమే 50 నానోజౌలులు ఖర్చని లెక్క. అంటే ఆ లోకంలో ఒక్క బిట్టుకయ్యే ఖర్చుతో ఇక్కడ 62 సంచులు నిండుతవి. రెండు లోకాలకు ఇంత వ్యత్యాసం ఉన్నప్పుడు ఒకదాని సూత్రాలను రెండవదానికి దించుకొనేటప్పుడు ప్రతి సూత్రాన్నీ మళ్ళీ పరీక్షించవలసి ఉన్నది. ఏనుగు మోసే పల్లకీని పదోవంతుకు, నూరోవంతుకు తగ్గించుకొంటూ పోతే చీమకు తగిన పల్లకీ రాదు. చీమకు పల్లకీ అవసరమా అని ముందు ఆలోచించవలె.

2014 నాటి వ్యాసం

ఈ పరీక్షను నిజాయితీతో ప్రారంభించినది 2014లో పియెరోబన్, జోర్నెట్, అక్కారి, అల్మస్రి, అక్యిల్డిజ్‌లు కలిసి ప్రకటించిన రూటింగు వ్యాసం. దీనికి ముందు, దూరాన్ని చిన్న చిన్న అంగలుగా విడగొడితే ఎల్లప్పుడూ పొదుపే అని పలువురు ఒక సామెతవలె నమ్మేవారు. ఈ రచయితలు ఆ నమ్మకాన్ని ప్రశ్నగా మార్చారు. ఒకే అంగలో పంపటంకంటె పలు అంగలలో పంపితే శక్తి మిగిలే సంభావ్యత ఎంత? అది లెక్క వేసిన తరువాతనే దారి నిర్ణయించవలెనన్నారు. లెక్క వేసే బరువును నోడుల నెత్తిన వేయక, వాటికంటె పెద్దదైన నానో కంట్రోలరుకు అప్పగించారు. మధ్యవర్తిని ఎన్నుకొనేటప్పుడు దూరాన్ని మాత్రమే చూడక, ఎవరి సంచి నిండుగా ఉన్నది, ఎవరి మీద పని తక్కువగా ఉన్నది అన్నది కూడా పరిగణించారు. ఖర్చును, అందే వార్తల పరిమాణాన్ని, ఆలస్యాన్ని మూడింటినీ కలిపి చూపారు.

ఇది మెచ్చుకోదగిన పని. దాని తరువాతి వ్యాసాలలో అనేకం ఈ ప్రశ్నను వదలి జవాబును మాత్రమే తీసుకొన్నవి. పెద్దను ఎన్నుకొనే సూత్రాన్ని కొంచెం మార్చటం, ఆ మార్పుకు ఏ తేనెటీగల పేరో చీమల పేరో పెట్టటం, సిమ్యులేషనులో నడిపి పాత గీతకు పైన కొత్త గీత గీయటం ఆచారమయినది. సిమ్యులేషను అంటే కంప్యూటరులో నడిపే నమూనా. ఇటలీ పరిశోధకులు 2013లో ప్రకటించిన ‘నానో సిమ్’ వంటి ఉచిత సాధనాలు ఈ రంగానికి గొప్ప ఉపకారం చేసినవి. అయితే నమూనా తనలో పెట్టిన ఖర్చులనే చూపగలదు. పెట్టని ఖర్చును అది ఎన్నడూ చూపలేదు. అట్టి పద్దులను ఇక వరుసగా చూద్దాము.

వినటానికయ్యే ఖర్చు

మొదటి పద్దు వినటం. ప్యాకెట్టు అందుకోవటానికి 20 పికోజౌలులు అన్నాము. ఆ ప్యాకెట్టు సరిగా ఏ క్షణాన వస్తుందో అందుకొనే నోడుకు ముందే తెలిసి ఉన్నప్పుడే ఆ లెక్క నిలుస్తుంది. తెలియకపోతే చెవియొగ్గి కాచుకొని ఉండవలె. ఆ కాపలాకు శక్తి కావలె.

ఎంత కావలెనో అంచనా వేద్దాము. పల్సుకూ పల్సుకూ మధ్య వెయ్యి పల్సుల పట్టు ఎడం ఉంచుతారనుకొంటే ఒక్కొక్క గడి 100 పికోసెకన్లు. 200 గడుల ప్యాకెట్టు 20 నానోసెకన్లలో ముగుస్తుంది. నోడు సంచి నింపుకొంటూ 50 సెకన్లు నిద్రపోయినదనుకొందాము. దాని గడియారం పది లక్షలలో ఒక వంతు మాత్రమే తప్పే మంచి గడియారమే అనుకొందాము. మన చేతి క్వార్ట్జ్ గడియారాలు కూడ సామాన్యంగా అంతకంటె ఎక్కువే తప్పుతవి. అయినా 50 సెకన్లలో అది 50 మైక్రోసెకన్లు అటో ఇటో జరుగుతుంది. ఆ జారుడులో 5 లక్షల గడులు పడతవి. ప్యాకెట్టు వాటిలో ఎక్కడ ఉన్నదో వెదకవలె. ఒక్కొక్క గడిని వినటానికి పికోజౌలులో పదవ వంతు చొప్పున 50,000 పికోజౌలులు అవుతుంది. అంటే 62 నిండు సంచులు! 20 పికోజౌలుల వార్తను అందుకోవటానికి 50,000 పికోజౌలుల కాపలా. పెండ్లి ఖర్చులో పసుపు కుంకుమలను వ్రాసి పందిరిని, భోజనాలను వదలివేసినట్లు ఉన్నది.

దీనిని ఎవరూ గమనించలేదని కాదు. 2014లోనే మొహ్రేకేష్, వీగిల్‌లు అందుకొనేవాడే ముందుగా పిలిచే పద్ధతిని ప్రతిపాదించారు. సంచి నిండిన నోడు నేను సిద్ధమని తెలిపితేనే పొరుగువారు పంపుతారు. ఇది బుద్ధిమంతమైన పరిష్కారమే. అయితే ఆ పిలుపును వినటానికి పంపేవాడు కాచుకొని ఉండవలె గదా! ఖర్చు ఒక జేబునుంచి మరొక జేబుకు మారినది. కొంత తగ్గి ఉండవచ్చును, మాయం కాలేదు. ఎవరి జేబునుంచి ఎంత పోయినదో చెప్పని రూటింగు వ్యాసాన్ని పొదుపు వ్యాసమని ఎట్లా ఒప్పుకొనటం?

బరువు ఎవరి మీద

రెండవ పద్దు మధ్యవర్తిది. ఊరిలో నిప్పంటుకొన్నప్పుడు బావినుంచి ఇంటిదాకా మనుషులు వరుసగా నిలిచి బిందెలు చేతులు మారుస్తారు. ఆ వరుసలో ప్రతివాడూ సమానంగా పనిచేస్తాడు, ఎందుకంటే నీరంతా ఒకే బావినుంచి వస్తున్నది. సెన్సారుల జాలంలో అట్లా కాదు. ప్రతి నోడూ తన బిందెను తాను కలుపుతూ పోతుంది. దూరాన ఉన్నవాడు తన బిందెను మాత్రమే అందిస్తాడు. గమ్యం పక్కన ఉన్నవాడు అందరి బిందెలనూ మోయవలె.

ఒక నోడు వెనుక పది నోడులు ఉన్నవనుకొందాము. ఒక్కొక్కటి ఒక్కొక్క ప్యాకెట్టు పంపితే, ప్రతిదానినీ అందుకొని ముందుకు పంపటానికి 120 చొప్పున 1,200 పికోజౌలులు, తన సొంత ప్యాకెట్టుకు 100, మొత్తం 1,300. సంచిలో పట్టేది 800. చివరనున్న నోడు 100 ఖర్చుపెట్టి నిశ్చింతగా ఉంటుంది. ఇది మాత్రం ఒకటిన్నర సంచులకు పైగా సంపాదించవలె. గుండె చప్పుడు మీద బ్రతికే నోడు అయితే గంటకు పైమాట. జాలం మొత్తానికి సగటు తీస్తే ఈ కష్టం కనబడదు. సగటు లోతు మోకాలు బంటి అన్న నదిలోనే మనుషులు మునిగేది.

2014 నాటి వ్యాసం సంచి నిండుగా ఉన్నవారినే ఎన్నుకోవలెనని చెప్పినది. న్యాయమే. అయితే ఎవరి సంచి ఎంత నిండినదో తెలియటమెట్లా? ఆ సమాచారం కూడ పల్సుల రూపంలోనే రావలె, దానికీ ఖర్చే. అట్లాగే చిరునామా. వెయ్యి నోడులలో ఒకదానిని గుర్తించటానికి 10 బిట్లు, పది లక్షలలో ఒకదానిని గుర్తించటానికి 20 బిట్లు కావలె. పంపినవాడు, అందుకొనేవాడు, తరువాతి అంగ అని మూడు చిరునామాలు వ్రాస్తే 60 బిట్లు. లోపలి ఉత్తరం 8 బిట్ల ఉష్ణోగ్రత మాత్రమే అయితే కవరు ఉత్తరంకంటె ఎన్నో రెట్లు బరువు. ఈ చిక్కును గుర్తించి 2015లో గ్రీసు, సైప్రస్ పరిశోధకులు ‘కరోనా’ అనే పద్ధతిని తెచ్చారు. అందులో నోడుకు సొంత పేరు ఉండదు. నాలుగు మూలల ఉన్న గుర్తు నోడులనుంచి తాను ఎన్ని అంగల దూరంలో ఉన్నదో అదే చిరునామా. జ్ఞాపకం పెట్టుకొనవలసినది చాలా తక్కువ. అయితే దారిలోని పట్టీలో ఉన్న నోడులన్నీ వార్తను తిరిగి చెప్పవలసి ఉంటుంది. కవరు బరువు తగ్గినది, మోసేవారి సంఖ్య పెరిగినది. ఇట్టి బేరం లాభమో నష్టమో నోడులు ఎంత దట్టంగా ఉన్నవన్న దానిమీద ఆధారపడుతుంది. దానిని ఒకే గీతతో తేల్చటం కుదరదు.

మరణమా, మూర్ఛా?

మూడవ లోపం పద్దులో లేదు, కొలబద్దలోనే ఉన్నది. బ్యాటరీ జాలాలలో మొదటి నోడు ఎప్పుడు చచ్చిపోయినది, సగం నోడులు ఎప్పుడు చచ్చిపోయినవి అన్నది జాలపు ఆయుర్దాయానికి కొలత. బ్యాటరీ అయిపోతే నోడు మరణించినట్లే, తిరిగి రాదు. శక్తిని ఏరుకొనే నోడు అట్లా కాదు. సంచి ఖాళీ అయితే దానికి మూర్ఛ వస్తుంది. 42 నిమిషాలకు మళ్ళీ లేస్తుంది. మూర్ఛకు మరణపు కొలత పెట్టి, మా పద్ధతిలో జాలం ఇన్ని రెట్లు ఎక్కువ కాలం బ్రతికినదని చెపితే ఆ మాటకు అర్థం లేదు.

అక్కడ అడగవలసిన ప్రశ్న వేరు. వార్త పుట్టిన క్షణంనుంచి గమ్యం చేరేవరకు ఎంత కాలం పట్టినది? ఏరుకొన్న శక్తిలో ఎంత భాగం ఉపయోగపడే వార్తగా మారినది? పది అంగల దారిలో ప్రతి నోడూ మూర్ఛనుంచి లేచేవరకు ఆగవలసి వస్తే, వార్త గంటల తరువాత చేరవచ్చును. నేలలోని తేమను కొలిచే జాలానికి ఆ ఆలస్యం ఇబ్బంది కాదు. ప్రమాద సూచన ఇవ్వవలసిన జాలానికి అదే వైఫల్యం.

గాలిలో ఒకటి, నీటిలో ఒకటి

నాలుగవ విషయం మాధ్యమం. ఒక మైక్రోమీటరు పొడవుగల సామాన్య లోహపు ఏరియల్ సుమారు 150 టెరాహెర్ట్జ్‌ల వద్ద మాత్రమే చక్కగా పలుకుతుంది. గ్రాఫీన్ అనే కర్బనపు పలుచని పొరలో తరంగం ఎంతో నెమ్మదిగా నడుస్తుంది కనుక, అదే పొడవుతో కొద్ది టెరాహెర్ట్జ్‌లకు దిగవచ్చునని జోర్నెట్, అక్యిల్డిజ్‌లు చూపారు. అందుచేత ఈ జాలాలకు 0.1 నుంచి 10 టెరాహెర్ట్జ్‌ల పట్టీని ఎన్నుకొన్నారు. 1897లో జగదీశ చంద్ర బోసు లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మిల్లీమీటర్ల తరంగాలను ప్రదర్శించారు; ఒక టెరాహెర్ట్జ్ తరంగం వాటికంటె కూడ పొట్టిది, మిల్లీమీటరులో పదింట మూడు వంతులు.

ఈ పట్టీకి నీరు శత్రువు. గాలిలోని నీటి ఆవిరి 0.557, 0.752 టెరాహెర్ట్జ్‌ల వంటి చోట్ల తరంగాన్ని మ్రింగుతుంది. ద్రవరూపంలోని నీటి సంగతి మరీ తీవ్రం. ఒక టెరాహెర్ట్జ్ వద్ద నీటిలో ప్రతి మిల్లీమీటరుకు తరంగశక్తి సుమారు వెయ్యి కోట్లలో మూడు వంతులకు పడిపోతుంది. మిల్లీమీటరులో పదవ వంతు దూరానికి అయితే సుమారు తొమ్మిదింట ఒక వంతు మిగులుతుంది. చిన్న అంగల వాదానికి ఇంతకంటె బలమైన సాక్ష్యం లేదని ఇక్కడ నిష్పక్షపాతంగా ఒప్పుకొనవలె. నీటిలో దూరాన్ని విడగొట్టటం పొదుపు మాత్రమే కాదు, గత్యంతరం లేని పని.

అయితే దాని ధర చూడండి. శరీరంలో ఒక సెంటీమీటరు దాటటానికి 100 అంగలు. అంగకు 120 చొప్పున ఒక్క ప్యాకెట్టుకు 12,000 పికోజౌలులు, అంటే 15 నిండు సంచులు. ప్రతి అంగా నూటికి 99 సార్లు సఫలమయినా, నూరు అంగలు వరుసగా సఫలమయ్యేది నూటికి 37 సార్లే. ఇందులో కాపలా ఖర్చు చేర్చలేదు. గాలికి కట్టిన లెక్కను ముందు పేజీలో వేసి, చివరి పేజీలో రక్తనాళాలలో రోగాన్ని కనిపెట్టే యంత్రాలను వాగ్దానం చేయటం ఈ వ్యాసాలలో తరచుగా కనబడే దోషం. లెక్క ఒక మాధ్యమానిది, వాగ్దానం మరొక మాధ్యమానిది.

కట్టి చూపినవారు ఏమి చేశారు?

ఈ రంగంలోని పూర్తి నానో జాలం ఇంకా కాగితం మీద, కంప్యూటరులో మాత్రమే నడుస్తున్నది. అంతకంటె పెద్దవైనా, నిజంగా చేసి చూపిన చిన్న యంత్రాలు ఉన్నవి. 2016లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంవారు ఎలుక నాడి మీద అమర్చి చూపిన ‘న్యూరల్ డస్ట్’ కొద్ది మిల్లీమీటర్ల యంత్రం. వారు దేహంలో రేడియో తరంగాలను కాదని శ్రవణాతీత ధ్వనిని ఎన్నుకొన్నారు. లోపలి యంత్రం తనంతట తాను మాట్లాడదు. వెలుపలి పరికరం పంపిన ధ్వనిని కొద్ది మార్పుతో తిరిగి ప్రతిధ్వనింపజేస్తుంది. మిచిగన్ విశ్వవిద్యాలయంవారు 2018లో ప్రకటించిన కంప్యూటరు ప్రక్క 0.3 మిల్లీమీటరు. దానికి శక్తీ, ఆజ్ఞలూ వెలుగు రూపంలో వెలుపలినుంచే వస్తవి.

రెండింటిలోను ఒక పోలిక ఉన్నది. చిన్నవాడి మీద బరువు వేయలేదు. శక్తిగల వెలుపలివాడే శ్రమ పడ్డాడు. చిన్నవాడు చిన్నవాడికి చెప్పి, వాడు మరొకడికి చెప్పే వరుస అక్కడ లేనేలేదు. దీనివలన పలు అంగల రూటింగు వ్యర్థమని నేను అనను. వెలుపలినుంచి చేయి అందని చోట్లు ఉంటవి. అక్కడ వరుస తప్పదు. కాని కట్టి చూపినవారు దేనిని తప్పించుకొన్నారో, ఎందుకు తప్పించుకొన్నారో కాగితం మీద కట్టేవారు చర్చించవలసి ఉన్నది. 2014 నాటి వ్యాసం కూడ లెక్కల బరువును కంట్రోలరుకు అప్పగించిందని మరువరాదు. ఆ వ్యాసపు నిజమైన సందేశం అదే అని నా అభిప్రాయం. పొదుపు దారిలో లేదు, పని పంపకంలో ఉన్నది.

సిద్ధాంతం ముందు, సాధనం తరువాత అని కొందరు సమాధానం చెప్పవచ్చును. మాక్స్‌వెల్ సమీకరణాలు 1865లో వెలువడితే హెర్ట్జ్ తరంగాలను 1880ల చివరలో గదా చూపినది అంటారు. నిజమే. మాక్స్‌వెల్ చెప్పినది ఒకనాటికి ప్రయోగంతో అవుననో కాదనో తేల్చదగిన మాట. అట్లా తేల్చదగిన మాట చెప్పినప్పుడే సిద్ధాంతానికి ఆ గౌరవం దక్కుతుంది. ఫలానా పద్ధతి ఫలానా పద్ధతికంటె నూటికి 30 వంతులు మేలు, అదీ ఇద్దరూ ఒకే ఖర్చును వదలివేసిన నమూనాలో అన్న మాట ఏనాటికీ తేలదు.

దీనివలన నష్టపోయేవారు ఇద్దరున్నారు. మొదటివాడు విద్యార్థి. రెండేండ్లు శ్రమపడి ఒక గీతను మరొక గీతకు పైన ఉంచటం నేర్చుకొంటాడు. ఖర్చు ఎక్కడనుంచి వస్తుందో అడగటం నేర్చుకొనడు. రెండవవాడు రోగి. రక్తంలో తిరిగే యంత్రాలు రేపో మాపో వస్తవని వార్తలు చదివి, ఆశ పెట్టుకొనే మనిషి. ఆ ఆశకు ఆధారమైన లెక్కలో కాపలా ఖర్చు లేదని అతనికి చెప్పేవారుండరు.

ఈ విషయం మీద వ్రాయబోయే యువకులకు నాలుగు ప్రశ్నలు సూచిస్తాను. నీ నోడు వినటానికి ఎంత ఖర్చు పెడుతున్నది? అందరికంటె ఎక్కువ బరువు మోసే నోడు గతి ఏమిటి? ఏరుకొన్న ప్రతి వెయ్యి పికోజౌలులకు ఎన్ని ఉపయోగకరమైన బిట్లు గమ్యం చేరినవి, ఎంత ఆలస్యంగా? నీ లెక్క గాలికా, నీటికా? ఈ నాలుగింటికి జవాబు వ్రాసిన వ్యాసంలో పొదుపు నూటికి 30 బదులు 3 వంతులే తేలవచ్చును, అసలు తేలకపోనూ వచ్చును. ఆ 3 వంతుల మీద తరువాతివాడు ధైర్యంగా కాలు మోపగలడు. 800 పికోజౌలుల సంచితో బ్రతుకవలసిన యంత్రానికి పద్దు వ్రాసేటప్పుడు ఒక్క పికోజౌలును కూడ మరచిపోయే హక్కు మనకు లేదు.